పదకొండు పుస్తకాలు కొన్నా తీరని పత్తి తగువు

ప్రశ్న: ఉమ్మడి వరంగల్ జిల్లాలో పుట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్న 36 ఏళ్ల పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమె తండ్రికి ఊళ్లో ఐదెకరాల పత్తి చేను ఉంది. రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు లాక్‌డౌన్ సమయంలో సిటీ ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చి, తండ్రితో కలిసి సాగు చేస్తున్నాడు. పోయిన ఏడాది మృగశిర కార్తెకు ముందు తమ్ముడు ఎవరి దగ్గరో బిల్లు లేకుండా 'బీజీ-3' ప్యాకెట్లు తెచ్చాడు. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అట. తండ్రి వాటిని వాకిట్లోకి విసిరేశాడు. పురుగును చంపే గుణం కోసం ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తినే బీటీ పత్తి అంటారు. "ఈ బీటీ వచ్చినంకనే మన కొంప మునిగింది" అని ఆయన, "బీటీ లేకుంటే నువ్వు అప్పుడే మునిగేటోనివి" అని తమ్ముడు. చివరికి ఇద్దరూ ఈమె వైపు తిరిగి, "సదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అన్నారు.

అప్పటి నుంచి ఆమె జన్యుమార్పిడి పంటల మీద పుస్తకాలు కొంటున్నారు. కోఠిలో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఆన్‌లైన్‌లో కలిపి పదకొండు కొన్నారు. 8,400 రూపాయలు అయ్యాయి. అందులో ఒక్క కొత్త పుస్తకానికే 3,200. ఆన్‌లైన్‌లో ఒక పాత పుస్తకాల వ్యాపారి పంపినది తీరా విప్పి చూస్తే జిరాక్స్ కాపీ. నాలుగు పుస్తకాలు ఇంకా తెరవలేదు. భర్త ఒకసారి "ఈ డబ్బుతో పాప ట్యూషన్ ఫీజు కట్టొచ్చు కదా" అన్న దగ్గర్నుంచి, కొత్తగా వచ్చినవి బీరువాలో చీరల కింద పెడుతున్నారు. "ఒక పుస్తకం చదివితే అదే నిజమనిపిస్తుంది. ఇంకొకటి చదివితే అదే నిజమనిపిస్తుంది. నాకు సొంత ఆలోచనే లేదా అని భయం వేస్తోంది. ఇప్పుడు 4,600 రూపాయల పుస్తకం ఒకటి కనిపిస్తోంది. అది కొంటే తేలుతుందేమో. కొననా? కొత్తవి మంచివా, పాతవి మంచివా? మళ్లీ సీజన్ వస్తోంది, ఇంటికి వెళ్లాలంటేనే టెన్షన్" అని ముగించారు. ఉత్తరం చివర పదకొండు పుస్తకాల పేర్లు, అచ్చయిన సంవత్సరాలతో సహా, బుద్ధిగా రాసి పంపారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆపేసింది ఆ చివరి జాబితా. నేను ఒక కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయినదాన్ని. పుస్తకం పేరు కంటే ముందు నా కన్ను సంవత్సరం మీదికి పోతుంది. మీ పదకొండులో ఏడు 1999కీ 2004కీ మధ్య అచ్చయినవి. రెండు 2008, 2009ల నాటివి. మిగిలినవి రెండే 2015 తర్వాతవి. మన దేశం గురించి ఒక అధ్యాయమైనా ఉన్నది, పేర్లను బట్టి చూస్తే, ఒక్కటే కనిపిస్తోంది.

ఒక్కసారి ఆలోచించండి. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 (బీజీ-2) వచ్చింది 2006లో. మీ నాన్నగారు, తమ్ముడు ఈ రోజు కొట్లాడుకుంటున్నది గులాబీ రంగు పురుగు గురించి, కలుపు కూలీల గురించి. మీరు బీరువాలో దాచుకున్న పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ రెండూ మన చేలల్లో ఈ రూపంలో రాకముందే అచ్చయిపోయాయి. అవి అమెరికా మొక్కజొన్న గురించీ యూరప్ సూపర్‌మార్కెట్ల గురించీ వాదించుకున్న పుస్తకాలు. ఆ వాదన తప్పని కాదు, మీ ఇంటి ప్రశ్న మాత్రం వాటిలో లేదు. అందుకే ఎన్ని చదివినా తేలలేదు. సొంత ఆలోచన లేకపోవడం వల్ల కాదు.

ఒక పుస్తకం చదివితే అటు, ఇంకొకటి చదివితే ఇటు అయిపోతున్నానని బాధపడ్డారు. అందులో సగం తప్పు ఆ పుస్తకాలు కొలిచిన కాలానిది. ఉదాహరణ చెబుతాను. 2002 నుంచి 2008 వరకు మన రైతు కుటుంబాలను, ఆంధ్రప్రదేశ్ వాళ్లతో సహా, మళ్లీ మళ్లీ సర్వే చేసి జోనస్ కథాగే, మార్టిన్ ఖైమ్ అనే ఇద్దరు 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయని వాళ్ల లెక్క. 2020లో కేశవ్ క్రాంతి, గ్లెన్ స్టోన్ ఇరవై ఏళ్ల లెక్కలు ముందు పెట్టుకుని ఇంకో పరిశోధన రాశారు. క్రాంతిగారు నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా చేసినవారు. స్టోన్ మన వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగిన మానవశాస్త్రవేత్త. దిగుబడి పెరుగుదల ఎక్కువగా ఎరువుల వంటి వాటితో ముడిపడి ఉందని, రైతులు పురుగుమందులకు బీటీ రాకముందు కంటే ఇప్పుడే ఎక్కువ ఖర్చు పెడుతున్నారని వీళ్లు తేల్చారు. మొదటి దాని ఆధారంగా రాసిన పుస్తకం చదివితే మీ తమ్ముడే కరెక్ట్ అనిపిస్తుంది. రెండో దాని ఆధారంగా రాసినది చదివితే బాపే కరెక్ట్ అనిపిస్తుంది. కానీ చూడండి, ఒకటి మొదటి ఏడేళ్ల కథ, రెండోది ఇరవై ఏళ్ల కథ. పద్ధతుల్లోనూ తేడాలున్నాయి, ఆ వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. అయినా మీ ఇంట్లో ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదని నాకు అనిపిస్తోంది. మీ తమ్ముడికి గుర్తున్నది శనగపచ్చ పురుగుకు మందులు కొట్టి కొట్టి అలిసిపోయిన ఇల్లు, తర్వాత వచ్చిన నాలుగు మంచి పంటలు. మీ బాపుకు గుర్తున్నది ఆ మంచి పంటల తర్వాత కాయ విప్పితే లోపల కనిపించిన గులాబీ పురుగు.

ఇక పాతవా, కొత్తవా అన్న ప్రశ్న. ఈ విషయంలో నా మాట మిగతా సబ్జెక్టులకు వర్తించదు. కథల పుస్తకమో చరిత్ర పుస్తకమో అయితే పాతదే కొనమంటాను. జన్యుమార్పిడి పంటల మీద పాత పుస్తకం కొనేటప్పుడు మాత్రం, అది అచ్చయిన రోజున ప్రపంచం ఎక్కడ ఆగిందో తెలుసుకుని కొనాలి. 1999లో మోనార్క్ సీతాకోకచిలుక గొంగళ్లు బీటీ మొక్కజొన్న పుప్పొడి తిని చనిపోయాయని ఒక చిన్న ప్రయోగం వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లు వచ్చిన చాలా విమర్శ పుస్తకాల్లో ఆ సీతాకోకచిలుక ఉంటుంది. 2001లో పొలాల్లోకి వెళ్లి చూసిన పెద్ద అధ్యయనాలు ఆ ప్రమాదం చాలా స్వల్పమని చెప్పిన సంగతి వాటిలో చాలావాటికి అందలేదు. అలాగే 2012లో ఫ్రాన్స్‌లో ఎలుకల మీద చేసి ప్రచురించిన, జన్యుమార్పిడి మొక్కజొన్న తిన్నవాటికి కణితులు వచ్చాయన్న ప్రయోగం. ప్రచురించిన పత్రికే 2013లో దాన్ని ఉపసంహరించుకుంది, 2014లో రచయితలు వేరే పత్రికలో మళ్లీ ప్రచురించారు. 2013 మొదట్లో అచ్చయిన పుస్తకంలో ఈ మలుపు ఎలా ఉంటుంది? ఇది విమర్శకుల పుస్తకాలకే పరిమితం అనుకోకండి. కంపెనీల వైపు నిలబడి 2003లో రాసిన పుస్తకాలు, చేను చుట్టూ నాన్ బీటీ వరసలు వేస్తే, అక్కడ బతికే మామూలు పురుగులతో కలవడం వల్ల పురుగు తట్టుకునే శక్తి తెచ్చుకోదని ధైర్యంగా చెబుతాయి. 2010లోనే గుజరాత్‌లో మొదటి రకం బీటీని గులాబీ పురుగు తట్టుకుందని కంపెనీయే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత రెండో రకాన్నీ తట్టుకుంది.

కాబట్టి పాత పుస్తకం చేతిలోకి తీసుకోగానే టైటిల్ పేజీ వెనక్కి తిప్పండి. అక్కడ ముద్రణ వేరు, కూర్పు వేరు. '2015 ముద్రణ' అని ఉన్నా లోపలి విషయం 2001దే కావచ్చు, మళ్లీ అచ్చు వేశారంతే. 'రెండో కూర్పు' అని ఉంటే రచయిత కూర్చుని మార్చారని అర్థం. 'టుమారోస్ టేబుల్' అనే పుస్తకం తీసుకోండి. పామెలా రొనాల్డ్ మొక్కల జన్యుశాస్త్రవేత్త, ఆమె భర్త రౌల్ ఆడమ్‌చాక్ సేంద్రియ రైతు, ఇద్దరూ కలిసి రాశారు. ఒకే ఇంట్లో రెండు వైపులా ఉన్న పుస్తకం కాబట్టి మీకు నచ్చవచ్చు. మొదటి కూర్పు 2008ది, రెండోది 2018ది. ఫుట్‌పాత్ మీద దొరికేది సాధారణంగా మొదటిది. అది 150కి దొరికితే సంతోషంగా తీసుకోండి, 600 అడిగితే కొంచెం డబ్బు కలిపి రెండోది చూడడం మేలు.

రెండో పని, వెనకనుంచి తెరవడం. చివర ఉండే పదసూచికలో ఇండియా ఎన్ని పేజీల్లో ఉంది, పత్తి ఎన్ని పేజీల్లో ఉంది, గులాబీ పురుగు అసలు ఉందా చూడండి. నిలబడి చూసుకుంటే రెండు నిమిషాల పని. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేవాళ్లను టైటిల్ పేజీ వెనక వైపు, పదసూచికలో ఒక పేజీ ఫోటో తీసి పంపమని అడగండి. అసలు పుస్తకం ఉన్నవాళ్లు పంపుతారు. పంపడానికి సాకులు చెప్పేవాళ్ల దగ్గర కొనకపోతే మీకు జిరాక్స్ కాపీలు రావు. ఇలాంటి పుస్తకాల్లో దొంగ కాపీ వల్ల నష్టం డబ్బుతో పోదు. గ్రాఫుల్లో సన్న గీతలు, పట్టికల్లో చిన్న అంకెలు చెరిగిపోతాయి, 3 కాస్తా 8 అవుతుంది. మీకు వచ్చిన ఆ కాపీ గురించి మూడు దారులున్నాయి. కొన్న సైట్‌లో ఫోటోలతో ఫిర్యాదు చేస్తే, గడువు దాటకపోతే, డబ్బు వెనక్కి రావచ్చు. గడువు దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అయితే కొన్ని వందల కోసం మీరు ఎంత తిరగగలరో మీకే తెలుసు. లేదా ఆ నష్టం ఇంతటితో వదిలేయండి. ఒకటి మాత్రం చేయకండి, దాన్ని ఇంకొకరికి పాత పుస్తకంగా అమ్మకండి. ఇంకో మాట, లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం కనిపిస్తే, రద్దు చేసినట్టు ఇంకో ముద్ర కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఏదో లైబ్రరీ అల్మారా నుంచి మాయమైన పుస్తకం. అక్కడే పెట్టేయండి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం కోపం వస్తుంది, ఏమీ అనుకోకండి.

అసలు కొనకుండా దొరికేవి కూడా ఉన్నాయి, ఈ సబ్జెక్టులో అవి కొన్నవాటి కంటే మంచివి. అమెరికా జాతీయ అకాడమీలు 2016లో వేసిన 'జెనెటికల్లీ ఇంజినీర్డ్ క్రాప్స్' నివేదిక వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దించుకోవచ్చు. కాగితం మీద కొనాలంటే వేలు అవుతుంది. అందులో ఎవరికీ పూర్తిగా నచ్చని మాటలు ఉన్నాయి, అందుకే నాకు నమ్మకం. ఈ పంటల ఆహారం మామూలు ఆహారం కంటే తక్కువ సురక్షితమని చెప్పే గట్టి ఆధారం దొరకలేదంటుంది. అదే నోటితో, అమెరికా జాతీయ లెక్కల్లో దిగుబడులు పెరిగే వేగాన్ని ఈ విత్తనాలు మార్చినట్టు కనిపించలేదంటుంది. గడ్డిమందుకు చావని కలుపు పెద్ద సమస్య అయిందని కూడా చెబుతుంది. మన దగ్గర అయితే 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ బీటీ వంకాయను ఆపుతూ ఇచ్చిన నిర్ణయ పత్రం ఉంది. అంతకుముందు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఏడు నగరాల్లో జరిగిన బహిరంగ చర్చల్లో హైదరాబాద్ కూడా ఒకటి. 2012లో పార్లమెంటు వ్యవసాయ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ఉంది. ఇవి ప్రజల కాగితాలు, వీటికి ధర లేదు.

మన తెలంగాణ పత్తి చేల గురించి డబ్బు పెట్టి ఒకే ఒక్కటి కొనాలంటే, నేనైతే ఆండ్రూ ఫ్లాక్స్ రాసిన 'కల్టివేటింగ్ నాలెడ్జ్' వైపు చూస్తాను. 2019లో వచ్చింది. తెలంగాణ రైతులు ఏ విత్తనం కొనాలో ఎలా నిర్ణయించుకుంటారు, పక్కవాడి చేను చూసి ఎందుకు మారతారు అన్నది అందులో ఉంది. మీ బాపు, తమ్ముడు ఆ పుస్తకంలో లేకపోయినా ఉన్నట్టే అనిపిస్తుంది. అది అరుదుగానే పాతది దొరుకుతుంది, కొత్తది ఖరీదు. కొనేముందు ఒక ప్రయత్నం చేయండి. మీ ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నారు, చాలామందికి ఈ సంగతి తెలియదు. మీ శాఖా గ్రంథాలయంలో పుస్తకం తెప్పించమని రాసివ్వండి. నెలలు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం లైబ్రరీలో అనుమతి అడిగి కూర్చుని చదువుకోవడం అంతకంటే త్వరగా అయ్యే పని. మీ కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర ఒక ఉత్తరం తీసుకుని వెళ్లండి. జువాలజీ లెక్చరర్‌ను కాదనరనే అనుకుంటున్నాను.

తెలుగులో ఏముంది అని కూడా అడిగారు. ఈ సబ్జెక్టులో పుస్తకంగా దొరికేవి చాలా తక్కువ, దొరికినవాటిలో అటు ప్రచారమో ఇటు ప్రచారమో ఎక్కువ. దానికి బదులు ఫుట్‌పాత్ మీద 'అన్నదాత' పాత సంచికలు, 2002 నుంచి 2007 మధ్యవి కనిపిస్తే కట్టగా తీసుకోండి. అప్పుడు రైతుకు ఏం చెప్పారు, ఏం ఆశ పెట్టారు, ఏ పురుగుకు ఏ మందు చెప్పారు, అన్నీ అందులోని వ్యాసాల్లో, ప్రకటనల్లో దొరుకుతాయి. వాటిని మీ బాపు కూడా చదవగలరు. మీ ఇంగ్లీషు పుస్తకాలకు లేని గుణం అది.

ఇప్పుడు తమ్ముడు తెచ్చిన ప్యాకెట్ల మాట. దీన్ని మీరు పుస్తకాల ప్రశ్నతో కలిపేశారు, అక్కడే చిక్కు పడింది. జన్యుమార్పిడి మంచిదా చెడ్డదా అన్నది తేలకపోయినా, ఈ ప్యాకెట్ విషయం ఈ రోజే తేల్చవచ్చు. గడ్డిమందు తట్టుకునే ఆ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. ఇంకా ముఖ్యమైనది పేరు. 'బీజీ-2 కంటే బీజీ-3 పెద్దది కదా, పురుగును ఇంకా బాగా ఆపుతుంది' అని చాలామంది యువ రైతులు నమ్ముతున్నారు, మీ తమ్ముడు కూడా అలాగే నమ్ముతున్నట్టు మీ ఉత్తరం నాలుగో పేజీలో ఉంది. అసలు బోల్‌గార్డ్-3 అనేది ఆస్ట్రేలియాలో సాగవుతోంది. పురుగు మీద మూడు రకాల ప్రోటీన్లు పనిచేసే విత్తనం అది. మన దగ్గర ఆ పేరుతో చాటుగా అమ్మేది అది కాదు. ఇందులో అదనంగా ఉందని చెప్పేది గడ్డిమందును తట్టుకునే గుణం ఒక్కటే. గులాబీ పురుగుకు అది చేసేదేమీ లేదు. పైగా బిల్లు లేదు. మొలక రాకపోయినా, పూత రాలినా, ఏ వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్లి ఏమని ఫిర్యాదు చేస్తాడు?

ఇది మీరు తమ్ముడికి ఎలా చెబుతారన్నది మీ ఇష్టం. బాపు ముందు చెబితే ఆయన గెలిచినట్టవుతుంది, తమ్ముడు ఇంకా మొండికేస్తాడు. విడిగా, ఫోన్‌లో కాకుండా చేను గట్టు మీద చెబితే వినే అవకాశం ఎక్కువ. అతను అడిగేది ఒకటే అయి ఉంటుంది, "మరి కలుపు తీయడానికి కూలీలు ఏరి అక్కా?" అది న్యాయమైన ప్రశ్న. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే మీ పదకొండు పుస్తకాలూ అతనికి దండగే. వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి ఇద్దరినీ తీసుకువెళ్లడం ఒక దారి. కలుపు గురించి, తక్కువ కాలంలో చేతికొచ్చే రకాల గురించి, మగ పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టల గురించి అక్కడ శాస్త్రవేత్తలు మాట్లాడతారు. బాపు వస్తారో లేదో. రాకపోతే తమ్ముడినే తీసుకువెళ్లండి, కానీ అప్పుడు 'అక్క వాడి వైపు చేరింది' అనే మాట పడడానికి సిద్ధంగా ఉండాలి.

జువాలజీ టీచర్ కాబట్టి మీరు ఇద్దరికీ చెప్పగలిగిన కథ ఒకటుంది, నాకైతే మొత్తం వ్యవహారంలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. అదే గులాబీ పురుగు, అదే బీటీ పత్తి. అమెరికాలో 2018లో ఆ పురుగును పత్తి చేలలోంచి పూర్తిగా నిర్మూలించామని ప్రకటించారు. మన దగ్గర అదే పురుగు బీటీని ఓడించింది. ఎందుకు? అక్కడ మొదట్లో నాన్ బీటీ చేలు నిబంధన ప్రకారం వేశారు. తర్వాత వంధ్యత్వం తెప్పించిన కోట్ల పురుగులను విమానాల నుంచి వదిలారు. ఊళ్లన్నీ కలిసి ఒకే పద్ధతి పాటించాయి. మన దగ్గర దీర్ఘకాలం నిలిచే హైబ్రిడ్లు వేసి, ఇంకో రెండు ఏరుళ్లు వస్తాయని ఫిబ్రవరి, మార్చి దాకా చేనును ఉంచాం. పురుగుకు ఏడాది పొడుగునా తిండి దొరికింది. ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ చిన్న పొట్లాన్ని చాలామంది పారేశాం. రైతును తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఐదెకరాల రైతుకు ఐదో వంతు చేను పురుగుకు వదలమని చెప్పడం ఎంత కష్టమో ఆ నియమం రాసినవాళ్లు ఆలోచించలేదు. అందుకే ఏ పుస్తకమైనా కొనేముందు ఇది చూడండి. అది విత్తనం ఒక్కదాన్నే పొగుడుతోందా, తిడుతోందా, లేక విత్తనం పడిన నేల, నీళ్లు, అప్పు, పక్క చేను గురించి కూడా మాట్లాడుతోందా?

బాపు మాటలో ఒక దిద్దుబాటు కూడా మీరు మెల్లగా చేయాలి. వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకు వచ్చింది 1997-98 సీజన్‌లో. అప్పటికి బీటీకి అనుమతే లేదు. పురుగు, అప్పు, నకిలీ మందులు, వాన, అన్నీ కలిసి ఆ ఇళ్లను ముంచాయి. 'బీటీ వచ్చాకే' అన్న మాట కొన్ని పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది, ఆ కాలం చూసినవాళ్లకు అది సరిపోదు. కానీ ఈ మాట ఆయనను ఓడించడానికి వాడితే ఆయన మనసు విరుగుతుంది. అప్పుడు ఆయన చుట్టుపక్కల ఎవరిని పోగొట్టుకున్నారో మీకు తెలియకపోవచ్చు, మీరు అప్పుడు మూడో నాలుగో క్లాసులో ఉండి ఉంటారు.

మీవారి విషయం. ఆయన 8,400 గురించి అడగలేదు, అంత అయిందని ఆయనకు తెలియదు కూడా. చీరల కింద దాచినంత కాలం అది పుస్తకాల ఖర్చుగా కాదు, దాపరికంగా ఉంటుంది. మొత్తం లెక్క చెప్పేసి, నెలకు ఇంత అని ఇద్దరూ అనుకుంటే ఒక రోజు గొడవ అవుతుంది, తర్వాత తేలిక పడతారు. చెప్పకుండా ఉంటే ఇప్పటికి గొడవ ఉండదు, కానీ ప్రతి కొరియర్‌కూ గుండె దడ. పదకొండులో చదివేసినవి, పనికిరావనుకున్నవి కోఠిలో తిరిగి ఇస్తే కొన్న ధరలో కొంత వస్తుంది, పెద్దగా ఆశ పెట్టుకోకండి. మీ కాలేజీ లైబ్రరీకి ఇస్తే డబ్బు రాదు, కానీ బయోటెక్నాలజీ పాఠం చెప్పేటప్పుడు రెండు వైపుల పుస్తకాలూ పిల్లల ముందు పెట్టి, సంవత్సరాలు చూపించి, ఎవరు ఎప్పుడు ఏమన్నారో చెప్పవచ్చు. నేనైతే రెండోదే చేస్తాను. మీ ఇంటి ఖర్చుల సంగతి నాకు తెలియదు కాబట్టి అదే చేయమనలేను.

ఆ 4,600 పుస్తకం సంగతి. పేరు చూశాను. ప్రచురణకర్త సైట్‌లో విషయసూచిక ఉంటుంది, ముందు అది చదవండి. వేర్వేరు రచయితల వ్యాసాల సంకలనం అది. మీకు కావలసింది అందులో ఒకటో రెండో అధ్యాయాలే అయితే, ఆ వ్యాస రచయితలకు ఈమెయిల్ రాసి అడగండి. తాము రాసిన వ్యాసాన్ని అడిగినవాళ్లకు సంతోషంగా పంపే పరిశోధకులు చాలామంది ఉంటారు. జవాబు రాకపోతే డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ దాకా ఆగవచ్చు. భారత ఉపఖండంలోనే అమ్మే చౌక ముద్రణ ఏదైనా వచ్చిందేమో అక్కడ అడగండి. ఆగలేనంటే కొనండి, మీ డబ్బు, మీ చదువు. కానీ తగువు తీరుస్తుందని మాత్రం కొనకండి.

తీర్పు చెప్పమన్నారు కదా, ఏం చేయాలి? రెండు దారులు నాకు కనిపిస్తున్నాయి. ఒకటి, "నాకు ఇంతవరకు తెలిసింది ఇదీ, ఇది తెలియలేదు" అని ఇద్దరి ముందూ కూర్చుని చెప్పడం. అలా చేస్తే ఇద్దరూ కొంచెం నిరాశపడతారు, కానీ ఇద్దరూ మీ మాట మళ్లీ వింటారు. రెండోది, తీర్పు పక్కన పెట్టి బాపును అడగడం మొదలుపెట్టడం. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఏ ఏడు ఏ విత్తనం వేశారు, ఎన్ని క్వింటాళ్లు వచ్చాయి, ఎన్నిసార్లు మందు కొట్టారు, ప్యాకెట్ ఎంతకు కొన్నారు అని రాసుకోండి. పక్కన తమ్ముడిని కూర్చోబెట్టుకోండి, అతనికి కొన్ని ఏళ్లు బాపు కంటే బాగా గుర్తుండవచ్చు. దీనికి నాలుగైదు సాయంత్రాలు పడతాయి, మధ్యలో గొంతులు లేస్తాయి కూడా. కానీ మీ ఐదెకరాల గురించి ఆ లెక్క ఏ అంగడిలోనూ దొరకదు.

బాపుకు సంవత్సరాలు గుర్తుండకపోతే అంకెలు అడగకండి. మీ తమ్ముడు పదో తరగతి పరీక్ష రాసిన ఏడు అనండి. అది సుమారు 2006 అయి ఉంటుంది. ఆ ఏడాదే అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి పోరాడితే, 1,600 రూపాయలకు పైన ఉన్న బీటీ ప్యాకెట్ ధర 750కి దిగింది. ఆ వేసవి ఆయనకు గుర్తుండే ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి, ముందుకూ వెనక్కీ జరగండి.